పోలయ్య ఇంటి పులుపు

కూర్మయ్యగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. కొండల కింద చిన్న ఊళ్ళో ఆయన నడిపే ఆసుపత్రిలో శిష్యరికం చేసినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. జ్వరం ఎందుకు వస్తుందని అడిగిన కుర్రాడిచేత పచ్చికట్టెల పొయ్యి ఊదించారట. అందుకని అక్కడ శిష్యులు ప్రశ్నలను పొదుపుగా వాడతారు. హైమ మాత్రం అడిగింది. అడగక తప్పని స్థితికి వచ్చి అడిగింది.

హైమ సూక్ష్మజీవుల శాస్త్రం చదివి ఆయన దగ్గర చేరింది. పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులకీ మనసులోని దిగులుకీ ఏమైనా సంబంధం ఉందా అన్నది ఆమె పట్టుకున్న విషయం. ఎవరూ పురమాయించకుండానే ఊరూరా తిరిగి నమూనాలు పోగుచేసింది. కాగితం లేకుండా శాతాలు కట్టగల పిల్ల. దిగులుతో కుంగినవాళ్ళ పొట్టల్లో కొన్ని రకాల జీవులు మిగతావాళ్ళలో ఉన్నదాంట్లో సగమే కనిపించాయి. ఆ సంబరంలో ఉండగానే ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. మందులు జ్వరాన్ని తీసేశాయి, వెళ్తూ వెళ్తూ పొట్టలో మంచీ చెడూ అన్నిటినీ ఊడ్చుకుపోయాయి. ఆ తరవాత అన్నం సయించలేదు. నిద్ర దూరమైంది. సాయంత్రం ఆసుపత్రి పైగదిలో కిటికీ దగ్గర కూర్చుంటే కింద వీధిలో పిల్లల ఆటలు, ఆడవాళ్ళ కేకలు, పోపు ఘాటు అన్నీ ఆమెదాకా వచ్చేవి. అయినా అదంతా వేరే ఊళ్ళో జరుగుతున్నట్టు ఉండేది. నెలాఖరుకి ఈ పని వదిలేసి వెళ్ళిపోదామనుకుంది. ఎక్కడికి అంటే తనకీ తెలియదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ హాస్టళ్ళలో పెరిగిన పిల్ల. అయినా పెట్టె సర్దేసింది.

"గురువుగారూ, పొట్టలో అవి పోబట్టి మనసు ఇలా అవుతుందా? మనసు ఇలా అయి తిండి మానేస్తే అవి పోతాయా? ఏది ముందు? ఇది తేలితే ఉంటాను. తేలకపోతే నన్ను పంపించెయ్యండి."

కూర్మయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "వీధి చివర పోలయ్య ఉన్నాడు కదమ్మా. వాళ్ళింటికెళ్ళి గరిటెడు పులిసిన అంబలి అడిగి తీసుకురా," అన్నారు.

పోలయ్య బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. ముప్పై ఏళ్ళు స్టాపుల పేర్లు అరిచిన గొంతు, భార్య అప్పలకొండ పోయాక మూతబడింది. పిల్లలు లేరు. పొద్దున్నే హోటలునుంచి ఇడ్లీ పొట్లం తెచ్చుకుని, తలుపు దగ్గరకు వేసుకుని తింటాడు. మిగతా పగలంతా అరుగుమీద. హైమ వచ్చిన పని చెబితే తలెత్తి చూశాడు.

"కూర్మయ్య బాబుకి మతి పోనాదేటి? ఊరందరినీ ఒగ్గేసి నా కొంపకి పంపినాడా? ఈ ఇంట అంబలి కుండే నేదమ్మా."

కుండ లేకపోవడానికి కారణం ఉంది. ఆ ఊళ్ళో చోడిపిండితో, అంటే రాగిపిండితో, అంబలి కాచి, చల్లారాక నిన్నటి పులిసిన అంబలి ఒక గరిటెడు కలిపి, మూతపెట్టి ఉంచుతారు. మర్నాటికి పులుస్తుంది. అందులోంచి రేపటికి గరిటెడు. అలా ఒక ఇంటి పులుపు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటుంది. ఆ వీధిలో ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంటి కుండ పగలగొడతారు. దినం అయ్యాక పక్కింటి పులుపు అడిగి తెచ్చుకుని కొత్త కుండ మొదలుపెడతారు. అడగడం ఆ ఇంటి ఆడవాళ్ళ పని. అడక్కుండా ఎవరూ పొయ్యరు.

హైమ ఉత్తి చేతులతో తిరిగొచ్చి ఇదంతా చెప్పింది. కూర్మయ్యగారు విని, "లేదన్నాడా? అయితే ఉండేట్టు చూసి తీసుకురా," అన్నారు.

ఆమెకు ఉక్రోషం వచ్చింది. అయినా వెళ్ళి, పోలయ్య పక్కింటి సన్యాసమ్మ గుమ్మంలో నిలబడింది. "అత్తా, పోలయ్య తాతకి గరిటెడు పులుపు కావాలి. నేను అడుగుతున్నాను."

సన్యాసమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "ఇన్నాళ్ళకా అడగడం! ఈ గోడ అవతల ఆ మనిసి దగ్గు ఇనిపించినప్పుడల్లా గరిటెడు పులుపు పోద్దామనే అనుకుంటన్నాను. అడక్కుండా పోస్తే, మీ ఇంట మైల తీరనేదని ఎత్తిపొడిసినట్టు కాదేటి?"

ఈ మాట చెబితే పోలయ్య గోడవైపు చూశాడు. "అడగాలంటే ఆడమనిసి నేదు గదమ్మా," అన్నాడు. సంతకెళ్ళి కొత్త కుండ తెచ్చాడు.

హైమ అంబలి కాచింది, చల్లార్చింది, సన్యాసమ్మ ఇచ్చిన పులుపు కలిపింది. మర్నాడు ఇద్దరూ మూత తీసి చూశారు. పులవలేదు. పోలయ్య ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. "ఇదేటమ్మా, సూదిమందు వాసన!"

హైమ నిర్ఘాంతపోయింది. ప్రయోగశాలలో ఏ గిన్నె తాకినా ముందు స్పిరిట్‌తో కడగడం ఆమె చేతులకు పట్టిన అలవాటు. తెలియకుండానే కుండనీ కడిగేసింది. కొత్త మట్టి దాన్ని పీల్చుకుంది.

"తాతా, బతికించడానికి తెచ్చినవాటిని నేనే చంపేశాను."

"ఎన్నిటిని?"

"కోట్లలో ఉంటాయి."

"అమ్మ బాబోయ్! మరి పోలీసులు రారా?"

హైమ నవ్వింది. నవ్వాక, ఆ చప్పుడు తన గొంతులోంచే వచ్చిందా అని అనుమానపడింది.

పోలయ్య ఇంకో కొత్త కుండ తెచ్చాడు. రెండోసారి పులుపు పోస్తూ సన్యాసమ్మ, "ఈ కుండనైనా ఆసుపత్రి సెయ్యకండి తల్లీ," అంది. ఈసారి కుండను ఉత్త నీళ్ళతో కడిగారు. సాయంత్రానికి పోలయ్య కుండకు చెవి ఆనించాడు. లోపల సన్నగా బుడగల చప్పుడు.

"ఎక్కుతున్నారు," అన్నాడు.

"ఎవరు తాతా?"

"జనం. సీట్లు ఇంకా నిండనేదు. రేపు పొద్దున్నకి."

పొద్దున మూత తీయగానే పుల్లటి వాసన అరుగుదాకా వచ్చింది. పోలయ్య కుండ అంచుమీద వేలితో రెండుసార్లు కొట్టి, "రైట్ రైట్!" అన్నాడు. ఏడాదికి పైగా ఆ వీధి వినని గొంతు అది. గోడ అవతల చేట చప్పుడు ఆగింది. సన్యాసమ్మ ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు పట్టుకుని వచ్చేసింది. పులుపు పోసినవాళ్ళకే మొదటి గిన్నె. పోలయ్య తన గిన్నె ఒక గుక్క తాగి, కండువాతో మూతీ కళ్ళూ కలిపి తుడుచుకున్నాడు. హైమ గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమంది.

ఆ రోజే గురువుగారు అడిగిన పులుపు పట్టుకెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. మర్నాడూ ఆ అరుగుమీదికే వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. నిద్ర కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. నెలాఖరు దగ్గరపడ్డాక ఒక ఉదయం, గరిటెడు పులుపు చిన్న చెంబులో పట్టుకుని కూర్మయ్యగారి ముందు నిలబడింది. మొహంలో వెలుగూ ఉంది, చిక్కూ ఉంది.

"గురువుగారూ, నా నమూనా నేనే చూసుకున్నాను. తగ్గిన రకాలు మళ్ళీ పెరుగుతున్నాయి. నిద్ర పడుతోంది. పోలయ్య తాత నిన్న బస్టాండుదాకా నడిచాడు. అయితే ఇది అంబలిలో ఉన్నవాటి పనో, ఇద్దరం కూర్చుని తాగడం వల్లో తేలడం లేదు. మందులు ఆపేశాక దానంతటదే జరిగిందేమో కూడా తెలియదు. అన్నీ కలిసిపోయాయి. నేనడిగింది అడిగినట్టే ఉంది."

కూర్మయ్యగారు చెంబు అందుకుని ఆసుపత్రి కుండలో ఒంపారు. మూతపెట్టారు.

"తేల్చవచ్చమ్మా. అదే అంబలి, అదే కొలత. కొందరు కలిసి తాగాలి, ఒకరు మాత్రం తలుపు వేసుకుని ఒక్కరే తాగాలి. రోజూ. ఆ ఒక్కరుగా ఎవరిని కూర్చోబెడదాం?"

హైమ లెక్క మనిషి. పద్ధతి సరైనదేనని ఆమెకు వెంటనే తెలిసింది. పేర్లు ఆలోచించింది. పోలయ్య దగ్గర ఆగింది. సన్యాసమ్మ దగ్గర ఆగింది. తన పేరు దగ్గర అందరికంటే ఎక్కువసేపు ఆగింది. కిటికీలోంచి సాయంత్రం చూసే వీధి గుర్తొచ్చింది.

కూర్మయ్యగారు లేచారు.

"తొందరేం లేదు. పేరు తోచిన రోజున వచ్చి చెప్పు," అన్నారు. "అందాకా పెట్టె విప్పుకో."