తువ్వాలు చాటు చదువు

బాచన దగ్గర నాలుగు వందల వరహాలున్నాయి. సింగారేవు ఉప్పు కొఠారులో తూకాలు చూస్తూ, జీతంలో మిగిలింది మిరియాల బేరంలో తిప్పుతూ కూడబెట్టిన సొమ్ము. దాంతో సొంతంగా ఒక పడవ కొనాలని ఆశ. సరిగ్గా అప్పుడే పెదభూపతి రాజుగారికి శంఖద్వీపం మీద మోజు పుట్టింది.

రాజుగారి మోజులు వానాకాలపు జలుబులాంటివి. ఆయనకు పట్టుకుంటే ఊరంతా తుమ్మాలి. రేవు అధికారి పదవి ఖాళీ అయింది. సముద్రం దాటి, శంఖద్వీపం విద్యాపీఠంలో రెండేళ్లు వర్తక శాస్త్రం చదివినవాడికే ఆ పదవి అని ఆయన సభలో ప్రకటించాడు. దానికి బాచనే తగినవాడని ఆయనకూ తెలుసు. అందుకే వెళ్లి చదివి రమ్మన్నాడు.

ఈ ఆలోచన విద్యామంత్రి మల్లరసుది. కుర్రతనంలో ఆయన శంఖద్వీపంలో మూడు నెలలుండి వచ్చాడు. అప్పట్నుంచి అన్నం మాడినా, వాన పడినా, "అదే శంఖద్వీపంలో అయితే" అని అందుకునేవాడు. ఏటా నలుగురైదుగుర్ని ఓడ ఎక్కించేవాడు. తిరిగొచ్చినవాళ్లు ఏం చేస్తున్నారని ఎవరూ ఆరా తీయలేదు. బాచన తీశాడు. అంతా మల్లరసు కొలువులోనే ఉన్నారు. కొత్తవాళ్లను వెతికి ఓడ ఎక్కించడమే వాళ్ల వర్తకం.

ఖర్చెంతని అడిగితే మల్లరసు తాపీగా నాలుగు వందలన్నాడు. అంటే బాచన పడవ మొత్తం మునిగినట్టే.

ఈ రేవులోనే నాగిశెట్టి కొట్లో చేరితే ఎదురు కూలి ఇచ్చి మరీ వర్తకం నేర్పుతాడు కదా, అంత దూరం దేనికని బాచన సభలో మనవి చేసుకున్నాడు.

మల్లరసు జాలిగా చూశాడు. "అబ్బాయ్, నాగిశెట్టి దగ్గర చదివితే నాగిశెట్టివే అవుతావు."

"నాగిశెట్టికి పదకొండు ఓడలున్నాయండి. తమరికెన్ని?"

సభలో ఎవరో దగ్గి నవ్వు కప్పుకున్నారు. రాజుగారికి మాత్రం కోపం వచ్చింది. శంఖద్వీపం దూత మర్నాడు సభకు వస్తున్నాడనీ, ఇక్కడి చదువు మేలో అక్కడి చదువు మేలో అతని ఎదుటే తేల్చాలనీ అన్నాడు. తేల్చలేకపోతే బాచన నాలుగు వందలూ కట్టి ఓడెక్కాలి. ఎక్కనంటే పదవి మల్లరసు బావమరిదికి పోతుంది. ఆ బావమరిది అప్పటికే శంఖద్వీపంలో చదివొచ్చాడు. కునికిపాట్లు పడుతూ కూడా తలూపగలడు.

ఇంటికి నడుస్తూ బాచన లెక్క వేసుకున్నాడు. మంత్రి జీతంతో మేడ మీద మేడ లేవదు. మల్లరసు ఇంటికేమో, విద్యార్థుల ఓడ కదిలిన ప్రతి ఏడూ ఒక అంతస్తు లేస్తోంది. సరస్వతి ఓడెక్కుతుంటే లక్ష్మి దిగుతోందన్నమాట. ఎటునుంచి దిగుతోందో రాజుగారికి చూపించాలి.

మర్నాడు దూత వచ్చాడు. నెమ్మదైన ముసలాయన. పదేళ్లుగా వస్తూ పోతూ ఉన్నవాడు కాబట్టి రేవు పద్ధతులన్నీ వంటబట్టాయి. సింగారేవులో పెద్ద బేరాలు నోటితో జరగవు. ఇద్దరూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు తువ్వాలు కదలడమే కనిపిస్తుంది.

చదువు సంగతి తేల్చేముందు ధర తేలాలనీ, మన రేవు పద్ధతిలోనే తేలాలనీ బాచన అన్నాడు. ఆ బేరం ఎప్పుడూ తనదేనంటూ మల్లరసు ఉత్తరీయం సర్దుకుని ముందుకొచ్చాడు.

"తమరికి ఏటా ఉన్న శ్రమే కదండీ," అన్నాడు బాచన. "ఇవాళ మహాప్రభువుల చెయ్యి పడితే ధర దిగుతుందేమో చూద్దాం."

రాజుగారి కళ్లు మెరిశాయి. చిన్నప్పట్నుంచీ ఆయనకు ఆ తువ్వాలు కింద చెయ్యి పెట్టాలని సరదా. ఎవరూ పెట్టనివ్వలేదు. సంత బేరాల తువ్వాలు కింద రాజహస్తమా అని మల్లరసు కంగారుపడ్డాడు. శంఖద్వీపంలో అయితే రాజులు ఇలాంటివి చెయ్యరన్నాడు.

"మనం సింగారేవులో ఉన్నాం," అని రాజుగారు సింహాసనం దిగి పీట మీద కూర్చున్నాడు.

దూత తువ్వాలు కప్పి, ముందు రాజుగారి నాలుగు వేళ్లు నొక్కాడు. నాలుగు వందలు. రాజుగారు తెలిసినట్టు తల పంకించాడు. కానీ దూత చెయ్యి వదల్లేదు. ఆ నాలుగింటిలో రెండు వేళ్లు వెనక్కి మడిచి, రాజుగారి అరచేతిలోకే నొక్కి, పైన ఆప్యాయంగా తట్టాడు.

రాజుగారు తువ్వాలు తీసి తన చెయ్యి చూసుకున్నాడు. "నాలుగు తెలిసింది. ఈ మడిచిన రెండూ ఏమిటి?"

దూత బిత్తరపోయాడు. "తమ వాటా ప్రభూ. పిల్లవాణ్ణి పంపినవారికి సగం. ఇన్నాళ్లూ మల్లరసుగారి చేతిలో పెట్టాం. ఇవాళ చెయ్యి తమరిది కదా."

మల్లరసు స్తంభాల మీది చెక్కడాలు మొదటిసారి చూస్తున్నట్టు పైకి చూస్తున్నాడు.

రాజుగారు బాచన వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పు. ఏ చదువు మేలు?"

"మహాప్రభో, ఈ నాలుగు వందల చదువులో సగమే సముద్రం అవతల ఉంది. మిగతా సగం మల్లరసుగారి దగ్గర ఇక్కడే ఉంది. ఆ సగం ఇవాళ సభంతా ఉచితంగా చదివేసింది."

ముందు రాజుగారే నవ్వాడు. తలపాగా జారేదాకా నవ్వాడు. ఆ తర్వాత సభ ఆగలేదు. ఆయన మెళ్లో ముత్యాల హారం తీసి బాచన మెళ్లో వేసి, రేవు అధికారి ముద్ర చేతికిచ్చాడు.

"మల్లరసుగారూ, పాపం మీరు మూడు నెలలే చదివారు. బావమరిదిని తోడు తీసుకుని వెళ్లి మిగతాది పూర్తి చెయ్యండి. మీ నాలుగు వందలు, ఆయన నాలుగు వందలు మీరే కట్టాలి. వేళ్లు మడవడం ఉండదు."

దూత తువ్వాలు దులిపి లేవబోయాడు. బాచన అప్పటికే మనసులో ఒక గురువు ఓడ ఖర్చు, రెండేళ్ల భోజనం వేసుకుని, దాన్ని రేవులోని ఇరవై మంది గుమాస్తాలకు పంచి చూశాడు. తలకు వచ్చింది చాలా చిన్న అంకె.

"తాతగారూ, కాస్త కూర్చోండి," అన్నాడు. "మీ గురువుల్లో ఒకర్ని మా రేవుకు పంపడానికి ఎంత?"

బాచన, రాజుగారు ఖాళీ చేసిన పీట ముందుకు లాక్కుని, తువ్వాలు లేకుండా, సభంతా చూసేలా చెయ్యి చాపాడు.