నీడపట్టు

పిల్లలూ, మంచుకొండల మీద మేకలకు రెండిళ్ళు. ఎండాకాలం శిఖరం పక్క పచ్చిక. చలికాలం దక్షిణానికి తిరిగిన నిటారు బండ. బండ మీద దొరికేది గుప్పెడు ఎండుగడ్డే. కానీ పగలంతా ఎండ తగులుతుంది, అంత వాలులో మంచు నిలవదు, జారిపోతుంది.

ఆ ఏడు పచ్చిక పసుపెక్కగానే, మందకు పెద్దదైన వంకరకొమ్ము మేక "ఇక పదండి" అంది. అందరూ కదిలారు, తెల్లచెవి తప్ప. దాని పిల్ల బుడ్డికి ముందుకాలు బెణికింది. బండ దారి ఇరుకు. జారితే అంతే సంగతులు.

అదను చూసి నక్క వచ్చింది. ఆ వేసవిలోనే మైదానం నుంచి కొండెక్కిన కొత్త నక్క అది.

"అయ్యో తెల్లచెవీ, కుంటిపిల్లతో బండెక్కుతావా? ఉత్తరపు లోయకు రారాదూ! మెత్తటి దారి, మోకాలెత్తు గడ్డి."

తెల్లచెవి మనసు లాగింది. "పెద్దమ్మా, నేను లోయకే పోతాను. నా పిల్ల ఈ చలికాలం దాటాలి."

వంకరకొమ్ము కోప్పడలేదు. నక్క వైపు తిరిగింది. "అంత మంచి చోటైతే అందరం వస్తాం అల్లుడూ. చలికాలం అక్కడ ఎలా ఉంటుందో చెప్పు."

"దివ్యంగా ఉంటుంది అత్తా! కొండ అడ్డం కదా, పొద్దస్తమానం ఎండ పొడే సోకదు. నీడపట్టున కాళ్ళు చాపుకుని హాయిగా ఉండొచ్చు!"

మేకలన్నీ మొహాలు చూసుకున్నాయి. ఎందుకంటారా? ఎండలు మండే మైదానంలో నీడపట్టు అంటే సుఖం. మంచుకొండల్లో, అందులోనూ చలికాలంలో, నీడంటే మంచు కరగని చోటు. మేక పొట్టదాకా కూరుకుపోయే చోటు.

"అల్లుడూ, ఇక్కడి చలికాలం ఎప్పుడైనా చూశావా?"

"చూడకేం! తోడేలు బావ కూడా అక్కడే ఉందామన్నా..." నక్క నాలిక్కరుచుకుంది.

"ఓహో, తోడేలు కూడానా! అయితే మీరిద్దరూ ముందు పోయి చోటు చూసి పెట్టండి. మేం ఎండ చూసుకుని వస్తాం."

నక్క తోకాడిస్తూ పరుగెత్తింది.

తెల్లచెవి తల వంచుకుంది. "పెద్దమ్మా, మరి బుడ్డి కాలు?"

"నేను ముందు నడుస్తాను. అది నా అడుగులో అడుగు వేస్తుంది. నువ్వు దానికి ఒక అడుగు కిందుగా నడువు. జారితే నీ ఒంటికి ఆనుకుంటుంది."

నాలుగుసార్లు జారింది బుడ్డి. నాలుగుసార్లూ తల్లి ఒళ్ళే గోడయింది. పొద్దు వాలేలోగా బండ మీద ఎండలో చేరారు.

మూడో రోజు మంచు కురిసింది. లోయలో దారులన్నీ మూసుకుపోయాయి. బండ అంచు నుంచి చూస్తే, మెడదాకా మంచులో నక్క, దాని వెనక గజగజలాడుతూ తోడేలు.

"అత్తా! ఎప్పుడొస్తారు?"

"చెప్పాను కదా అల్లుడూ, ఎండ చూసుకుని వస్తాం. మీ వైపు ఇంకా రాలేదే!"

లోయలోకి ఎండ వచ్చేసరికి వసంతం వచ్చింది. ఎముకల గూళ్ళలా నక్కా తోడేలూ మైదానం దారి పట్టాయి. బుడ్డి మాత్రం మందకు ముందుగా, నాలుగు కాళ్ళ మీదా గెంతుతూ, శిఖరం పచ్చికకు పోయింది.

నీతి: సుఖమని ఎవరైనా చూపిస్తే, అది ఏ చోట, ఏ కాలంలో సుఖమో అడిగి మరీ అడుగు వెయ్యాలి.