ఎనభై బారల లోతు చేప

గౌసుకి రెండు నెలలుగా ఊపిరి సరిగ్గా ఆడటం లేదు.

పదకొండేళ్లపాటు అతను కరీముల్లా బాబా నడిపే దర్గాకి తోలుతిత్తిలో మంచినీళ్లు మోశాడు. దర్గా బావిలోవి ఉప్పునీళ్లు. తియ్యటి ఊట రెండు మైళ్ల అవతల. ఆ రోజుల్లో ఆ తీరంలో పిల్లనిచ్చేవాళ్లు సైతం కుర్రాడి సంగతి తర్వాత, ముందు మంచినీళ్లు ఎంత దూరమని అడిగేవారు. సరే, అదలా ఉంచండి.

అలాంటి గౌసుని రెండు నెలల కిందట బాబా పై ఊరి దర్గాకి గురువుగా ప్రకటించారు. ఆనాటి నుంచి జనం అతన్ని తిత్తి ముట్టనివ్వలేదు. అతని చేతులు కళ్లకద్దుకున్నారు. తలకి పట్టు పాగా చుట్టారు. గౌసుకి మాత్రం రొమ్ములో ఏదో ఉబ్బుకొస్తున్నట్టు ఉండేది. కంటిమీద కునుకు లేదు.

ఆ ఊరికి బాబా, గౌసు కలిసి జాలరి ఎల్లాజీ తెరచాప పడవలో బయల్దేరారు. దారిలో గాలి పడిపోయి, పడవ లోతు నీళ్లలోకి కొట్టుకుపోయింది. ఎల్లాజీ ఊరుకోలేక గాలం దించాడు.

"నా వల్ల కాదు బాబా. ఒడ్డున అడుగు పెట్టకముందే ప్రాణం పోయేలా ఉంది. నన్ను వెనక్కి పంపెయ్యండి," అన్నాడు గౌసు.

బాబా గాలం తాడు వైపే చూస్తున్నారు.

ఎల్లాజీ గబగబా లాగాడు. ఎర్రటి చేప. కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చాయి. పొట్ట నోట్లోంచి బుడగలా తన్నుకొచ్చింది.

"దీనికేమైందన్నా?" గౌసు చెయ్యి తన గుండెల మీదికి పోయింది.

"ఇది ఎనభై బారల కింద ఉంటాది బాబూ." ఎల్లాజీ ఒక బార ఎంతో రెండు చేతులూ చాపి చూపించాడు. "మిట్టమజ్జాన్నం కూడా అక్కడ మునిమాపే. నెత్తిన సముద్రమంతా మోసుకుంటా తిరుగుతాది. ఒక్కపాలి పైకి లాగేస్తే ఇలాగే ఉబ్బిపోద్ది."

"వదిలెయ్యి. నీకు పుణ్యముంటుంది, వదిలెయ్యి."

ఎల్లాజీ విసిరేశాడు. చేప వెల్లకిలా తేలింది. తోక కొట్టుకుంటోంది గాని మునగలేకపోతోంది. నెత్తిమీద పక్షులు చేరాయి.

"కూరా పోయింది, చేపా బతకదు," అన్నాడు ఎల్లాజీ.

బాబా వంగి చేపని దోసిట్లోకి తీసుకున్నారు. సులువుగా ఊడొచ్చేలా ముల్లు నొక్కేసిన గాలం ఒకటి దాని పెదవికి తగిలించారు. ఆ తాడుకే ఇంత రాయి కట్టారు.

"చచ్చేదానికి బండ కడతారా బాబా!" గౌసు అడ్డుపడ్డాడు.

బాబా తాడు అతని చేతికిచ్చారు. "దింపు."

పది బారలు. ఇరవై. తాడు జారుతోంది గాని చేపలో చలనం లేదు. నలభై దగ్గర తాడు వణికింది. అరవై దగ్గర అరచేతిలో ఏదో గుంజింది. ఎనభై దగ్గర గట్టిగా, కోపంగా గుంజింది.

"ఇప్పుడు! పైకొక్క ఊపు ఊపండి!" ఎల్లాజీ అరిచాడు.

ఊపాడు. చేప పెదవి నుంచి గాలం జారిపోయింది. తాడు చివర రాయి బరువొక్కటే మిగిలింది.

గాలి లేచింది. పొద్దు వాలకముందే ఒడ్డు కనబడింది. డప్పులు, జెండాలు, జనం. గౌసు బాబా వైపు తిరిగాడు.

"ఆ ఊళ్లో మంచినీళ్లు ఎంత దూరం బాబా?"

"మూడు మైళ్లు."

బాబా కూర్చున్న పలక కిందినుంచి తడి గోనెమూట ఒకటి ఇవతలికి లాగారు. అందులో గౌసు పాత తోలుతిత్తి ఉంది.

"ఎండితే పగులుతుందని, దారంతా తడుపుతూనే వచ్చాను."