నల్లబండ బయటపడిన రోజు

పదకొండేళ్లుగా ఎదురుకొండ మీది మంచు సంగతి రాస్తున్నది రింగ్జిన్ అనే లామా. ఆ లోయలో మఠానికి అప్పగించిన పని అది. మంచు ఇవాళ ఎక్కడిదాకా ఉంది? రోజుకో వాక్యం, అంతే.

చలి మొదలవగానే మంచు కొండ నడుము దాకా దిగుతుంది. నడి చలికాలంలో మఠం గడప తొక్కుతుంది. ఎండలు రాగానే వచ్చిన దారినే పైకి పోతుంది. అలా పోతూ పోతూ కొండ మీది నల్లబండను వదిలిన రోజున ఊళ్లో బార్లీ విత్తనాలు నానబెట్టాలి. ఆ తర్వాత కొద్ది రోజులకే కరిగిన నీళ్లు కాలవలోకి వచ్చి పోతాయి. ఊరు కొండ మలుపు కింద ఉంది, అక్కణ్ణించి బండ కనపడదు.

రాసి రాసి రింగ్జిన్‌కి కాస్త గర్వం తలకెక్కింది. బండ ఏ రోజు బయటపడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలనని అనేవాడు. ఆ ఏడు నిజంగానే అలా చెప్పాడు. పాత రాతలన్నీ అందంగా తిరగరాస్తూ, చలిగాలికి కిటికీ మూసుకుని, వారంగా కొండవైపు చూడనేలేదు.

ఊరినుంచి డోల్కర్ అనే రైతు వచ్చింది.

"కాలవలో ఇంకా చుక్క నీరు లేదు, లామా గారూ. ఎప్పుడు నానబెట్టమంటారు? నిరుడు నీళ్లు వచ్చి పోయాక విత్తాను, ఒక్క గింజ మొలవలేదు. ఇంట్లో ఇంక ఒక్క సంచీ విత్తనమే ఉంది."

రింగ్జిన్ పుస్తకం తిరగేశాడు. "ఇంకా పది రోజులు."

ఆమె దణ్ణం పెట్టి వెళ్లింది.

పొయ్యి దగ్గర కూచున్న పెద్ద లామా ఛోస్‌ఫెల్ తల తిప్పాడు. "టీకి నీళ్లు లేవు నాయనా. కుండ తీసుకెళ్లు. గొడ్డలి కూడా."

చలికాలమంతా ఊట మీది మంచుగడ్డ పగలగొడితే గాని కుండ మునగదు. రింగ్జిన్ విసుక్కుంటూనే వెళ్లాడు. ఇట్టే తిరిగొచ్చాడు. మోకాళ్ల దాకా తడిసిపోయి ఉన్నాడు.

పెద్దాయన కుండ పొయ్యి మీద పెట్టాడు. గొడ్డలి అందుకుని అంచు మీద బొటనవేలు రాశాడు. పొడిగా ఉంది. దాన్ని గోడకున్న మేకుకి తగిలించాడు.

రింగ్జిన్ కిటికీ తెరిచాడు. నల్లబండ బోసిగా నిలబడి ఉంది. దాని చుట్టూ ఎండుగడ్డి కూడా కనిపిస్తోంది. అతనికి సిగ్గు ముంచుకొచ్చింది.

తడి చెప్పులు విడిచి, ఉత్త కాళ్లతో పరుగెత్తాడు. మలుపు దగ్గర అందుకున్నాడామెని.

"అక్కా, విత్తనాలు ఇవాళే నానబెట్టు."

"పది రోజులన్నారు కదా! పుస్తకంలో ఏముంది మరి?"

రింగ్జిన్ ఆయాసం తీర్చుకున్నాడు.

"పుస్తకంలో ఇంకా లేదక్కా. వెళ్లి రాయాలి."