నడిమి తీగ ఉద్యోగం

గుమ్మడిరేవు రాజావారికి వారానికో పిచ్చి. ఆ వారం పట్టింది పొదుపు పిచ్చి. "పనీపాటా లేకుండా తిని కూర్చునేది ఏదీ మా కోటలో ఉండకూడదు" అని హుకుం వేశారు. పాపం, పళ్లూడిన ముసలి ఏనుగుక్కూడా కట్టెలు మోసే పని తగులుకుంది.

దీనికి ముందే ఇంకో నియమం ఉంది. ఖాళీ కుర్చీ మీద దీపం వెలగకూడదు. కొలువులో ఎవరు లేచినా బంట్రోతు పరుగున వచ్చి ఆ కుర్చీ మీది బల్బు ఆర్పేస్తాడు.

కోటకు కరెంటు తీగలు లాగినవాడు సింహాద్రి. కుర్చీకొకటి చొప్పున సింహాసనానికి కుడివైపు ఎనిమిది బల్బులు, ఎడమవైపు ఎనిమిది. వరసకో తీగ, రెండు వరసలకూ ఉమ్మడిగా నడుమ ఇంకో తీగ.

ఆ సాయంత్రం నిండు కొలువులో, ఎడమ వరసలో కూర్చున్న విద్యుత్ సలహాదారు భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. ఆయన పట్నంలో చదివొచ్చాడు. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు.

"ప్రభూ, పట్నంలో చదివినవాణ్ని గనక చెబుతున్నాను. నడిమి తీగకు మీటరు పెట్టించాను. ముల్లు సున్నా దాటలేదు. ఆ తీగ ఉత్త సోమరిపోతు. దాన్ని కోయించండి, పెట్టినవాణ్ని పంపించండి."

రాజావారి కళ్లు మెరిశాయి.

"ఏమంటావురా సింహాద్రీ? ఆ తీగ లేకుండా దీపాలు వెలిగితే రేపు నువ్వు మూటా ముల్లే సర్దుకోవాలి."

సింహాద్రికి ఇంట్లో ముగ్గురు పిల్లలు, ఈ కొలువు తప్ప వేరే దిక్కు లేదు. మీటరు చెప్పింది అబద్ధమూ కాదు. కుర్చీలవంక ఓసారి చూశాడు, బంట్రోతువంక ఓసారి చూశాడు.

"చిత్తం బాబూ. నా చేత్తోనే కోస్తాను."

కోటకు కరెంటు పుట్టించే డైనమో ఆపించి, తీగ కోసి, మళ్లీ నడిపించాడు. పదహారు బల్బులూ లక్షణంగా వెలిగాయి. భుజంగరావు మీసం మెలేశాడు.

"నిజంగా కోశానో లేదోనని రేపు మాట రాకూడదు బాబూ. ఎడమ వరస పెద్దలు వచ్చి ఓసారి చూసుకోవాలి" అన్నాడు సింహాద్రి.

ఒక్కొక్కరే లేచి వచ్చారు. బంట్రోతు ఒక్కో బల్బే ఆర్పుకుంటూ వచ్చాడు. భుజంగరావు మాత్రం కదల్లేదు. పనివాడు కోసిన తీగ చూడ్డానికి అంతటివాడు లేస్తాడా? కుడివైపు బల్బులు ఎర్రగా మసకబారాయి. ఆయన నెత్తిమీది బల్బు మాత్రం తెల్లగా ధగధగలాడింది.

"చూశారా ప్రభూ, సోమరి తీగ పోగానే వెలుగెలా పెరిగిందో—"

ఢామ్మంది బల్బు. గాజుపెంకులు ఆయన తలపాగా మీద రాలాయి. కొలువంతా చీకటి.

"ఒక్క బల్బు పేలితే అన్నీ ఆరిపోయాయేమిరా?" అన్నారు రాజావారు చీకట్లోంచి.

"రెండు వరసలూ సమానమైతే నడిమి తీగకు పనుండదు బాబూ. ఒక వరస తగ్గితే, రెండోదాని మిగులు కరెంటు నడిమి తీగ మీదుగా పోద్ది. అది లేదు కాబట్టి ఎనిమిది బల్బుల కరెంటూ ఈయన ఒక్క బల్బులోంచే దూరింది. అది పేలింది, అందరి దారీ మూసుకుపోయింది."

"మరి మీటరు సున్నా చూపిందే?"

"తగవు లేనన్నాళ్లూ ఊరి పెద్దమనిషికి పనుండదు బాబూ. అలాగని ఊళ్లోంచి గెంటేస్తామా?"

రాజావారు పకపకా నవ్వారు. సింహాద్రి తీగ అతికించి, పెద్దలు మళ్లీ కూర్చోగానే దీపాలు వచ్చాయి, భుజంగరావుది తప్ప.

"ఖాళీ కుర్చీ మీద దీపం వద్దన్నాం. దీపం లేని కుర్చీలో మనిషీ వద్దు. లేవండి భుజంగరావుగారూ, ఏనుగుకు తోడు కావాలట. సింహాద్రీ, కొత్త బల్బు తగిలించుకుని ఆ కుర్చీలో నువ్వు కూర్చో."

కొలువంతా గొల్లున నవ్వింది. బంట్రోతు పరుగున వచ్చి సింహాద్రి నెత్తిమీద దీపం వెలిగించాడు.