బీరువాలో కాన్పు సంచి

పార్వతీపురంలో తవిటినాయుడనే బస్సు కండక్టరు ఉండేవాడు. మంచివాడే గానీ, ఏ వస్తువైనా తాళం వేసి దాస్తే తప్ప అతనికి మనసు కుదుటపడేది కాదు. పంచదార డబ్బా బీరువాలో, గొడుగు బీరువాలో, ఆఖరికి దువ్వెన కూడా బీరువాలోనే. ఉన్న రెండు తాళంచెవులనూ మొలతాడుకే కట్టుకుని తిరిగేవాడు.

అతని భార్య ఈశ్వరికి తొమ్మిదో నెల వచ్చింది. కాన్పుకి ఏమేం తెచ్చుకోవాలో ఆసుపత్రి సిస్టరమ్మ చెప్పింది. తవిటినాయుడు ఒక్కటీ మరవకుండా సంచి సర్దాడు. ఉతికి ఎండబెట్టిన పాత నూలుచీర ముక్కలు, రెండు నైటీలు, బిడ్డకి టోపీ, ఫ్లాస్కు, స్కానింగు కాగితాలు పెట్టాడు. వాటిపైన ఆసుపత్రి కార్డు పెట్టాడు. ఐదో నెలలో జ్వరానికి సూది వేస్తే ఈశ్వరికి ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. ఆ మందు పేరు డాక్టరమ్మ ఆ కార్డు మీదే ఎర్రసిరాతో రాసింది.

"సంచి గుమ్మం పక్కన మేకుకి తగిలించు మావా. ఎప్పుడు అవసరం పడతాదో ఏటో" అంది ఈశ్వరి.

"పిల్లి లాగేస్తే? దుమ్ము పడితే? ఇంకా పదిహేను రోజులుంది. నేను లేనా, తీసివ్వనా?" అన్నాడు తవిటినాయుడు. సంచి బీరువాలోకి వెళ్లింది.

నాలుగు రోజులు గడిచాయి. ఆ ఉదయం అతను సాలూరు బస్సులో డ్యూటీకి వెళ్లాడు. తొమ్మిది గంటలకి ఇంట్లో ఈశ్వరికి ఉమ్మనీరు పోయింది. అత్తగారు పోలమ్మ నూట ఎనిమిదికి ఫోను చేయించింది. తలుపు దగ్గరగా వేసి, వట్టి చేతులతోనే కోడలిని తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

సాలూరు స్టాండులో బస్సు ఆగాక తవిటినాయుడు ఫోను చూసుకున్నాడు. తల్లి పదకొండుసార్లు చేసింది. వెంటనే తల్లి నంబరుకి తిరిగి చేశాడు. సిస్టరమ్మ అందుకుంది.

"మీ ఆవిడకి జ్వరం వచ్చింది, సూది వెయ్యాలి. ఏదో మందు పడదంటోంది గానీ, నొప్పుల్లో పేరు చెప్పలేకపోతోంది. ఏం మందది?"

తవిటినాయుడికి ఆ మందు పేరు గుర్తుకు రాలేదు. "కార్డు మీద ఉందమ్మా. కార్డు బీరువాలో ఉంది. తాళం నా దగ్గరుంది" అన్నాడు.

డ్రైవరు వింటున్నాడు. "బీరువా బద్దలు కొట్టించవయ్యా! ఏటి ఆలోచిస్తున్నావు?" అని కసిరాడు.

ఇంటి ఎదురుగా ఖాదర్‌కి వెల్డింగు షాపు ఉంది. తవిటినాయుడు అతనికి ఫోను చేసి సంగతంతా చెప్పాడు.

"గడ్డపార పెడితే తలుపు ఎందుకూ పనికిరాదు తమ్ముడూ" అన్నాడు ఖాదర్.

"పోతే పోనీ అన్నా! సంచి చేరిస్తే చాలు!"

పై ఆఫీసరుకి చెప్పి సెలవు తీసుకుని, టిక్కెట్ల మిషను అప్పగించి, తవిటినాయుడు తిరుగు బస్సెక్కాడు. ప్రతి స్టాపులోనూ బస్సు ఆగుతోంది. ఆగినప్పుడల్లా అతనే లేచి ఎక్కేవాళ్లని తొందరపెడుతున్నాడు. సగం దారిలో ఫోను మోగింది.

"కార్డు సిస్టరమ్మ చేతిలో పెట్టాను. వేరే సూది వేశారు. భయం లేదంట" అన్నాడు ఖాదర్. తవిటినాయుడు కండువాలో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పక్క సీటు ముసలాయన అతని వీపు నిమిరాడు.

అతను ఆసుపత్రికి చేరేసరికి పోలమ్మ వరండాలోనే ఎదురొచ్చింది. "ఆడపిల్లరా! తల్లీబిడ్డా క్షేమం!" అంది. ఆ తర్వాత కొడుకుని నాలుగు తిట్టింది. అవి కూడా అతని చెవికి తియ్యగానే ఉన్నాయి.

లోపల ఈశ్వరి నీరసంగా నవ్వింది. పక్కనే నూలుగుడ్డలో చుట్టిన పాప ఆవులిస్తోంది.

"అన్నీ సర్దాననుకున్నాను. తప్పు నాదే ఈశ్వరీ" అన్నాడు తవిటినాయుడు.

"సర్దడంలో తప్పేటి లేదు మావా. మాకు అందకుండా పెట్టావు చూడు, అదే తప్పు. సర్లే, ముందు చేతులు కడుక్కొచ్చి పిల్లని ఎత్తుకో" అంది ఈశ్వరి.

వస్తువుని భద్రంగా దాచినంత మాత్రాన జాగ్రత్త అనిపించుకోదు. మనం లేని వేళ కూడా ఇంట్లోవాళ్ల చేతికి అందేలా ఉంచడమే అసలైన జాగ్రత్త.