మిగిలిన జామపండ్లు

ఆ రోజు విరూపాక్షికి గంట చేతికి రావాలి.

తుంగభద్ర ఒడ్డున అవ్వ ఆశ్రమం నడిపే బడుల్లో అదీ పద్ధతి. బడికి పెద్ద కాబోయేవాడు ముందు ఏడాది పాటు ఆ బడి నడిపి చూపించాలి. ఏడాది నిండాక అవ్వ తనే వస్తుంది. నచ్చితే సంచిలోంచి బడిగంట తీసి అతని చేతిలో పెడుతుంది. నచ్చకపోతే గంట సంచిలోనే వెనక్కి పోతుంది, మారుమాట ఉండదు.

విరూపాక్షి సోమరి కాదు. రెక్కలు ముక్కలు చేసుకుని బడిని నిలబెట్టాడు. అతని దిగులల్లా ఒకటే. ఉన్న నలభై మంది పిల్లల్లో ఆరుగురు వేరు. ఇద్దరికి చెవులు వినబడవు, మిగతా నలుగురికి ఏ మాటైనా ఆలస్యంగా ఎక్కుతుంది. వాళ్లు అవ్వ ముందు నోరు తెరిస్తే ఏడాది కష్టమూ బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నాడు. పొద్దున్నే ఆ ఆరుగురినీ గొడ్లపాకలోకి తోలి, పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. మనుషులు వస్తే దాక్కోవాలని సైగలు చేశాడు. అర్థమయ్యేదాకా పదిసార్లు చేశాడు మహానుభావుడు. ఏడాదిలో ఒక్క అక్షరం కోసమైనా అంత ఓపిక పట్టలేదు.

అవ్వ వచ్చింది. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెప్పారు. అవ్వ తలూపుతూ విన్నది.

"వెనకబడిన పిల్లల సంగతేంది నాయనా?"

"అందరినీ ఒకే కంటితో చూస్తున్నానమ్మా. వాళ్లకు ఎంత చెప్పినా ఎక్కదు. ఈరోజు బడికి కూడా రాలేదు."

అతను ఉత్తరంలో రాసిన లెక్క ప్రకారం అవ్వ నలభై జామపండ్లు తెచ్చింది. అందరికీ పంచాక ఒళ్లో ఆరు మిగిలాయి.

"ఇవి ఆవులకు పెడదాం పద."

విరూపాక్షి దారికి అడ్డం నిలబడ్డాడు. "నేను పెడతాలేమ్మా. అక్కడంతా పేడ, మీరు నిలబడలేరు."

అవ్వ అప్పటికే పాక దారి పట్టింది.

పాకలో ఆరుగురూ గడ్డి మీద కూర్చుని ఉన్నారు. గుమ్మం వైపు తిరిగి ఉన్నది సుంకమ్మ ఒక్కతే. తొమ్మిదేళ్ల పిల్ల, చెవులు వినబడవు. విరూపాక్షి కనబడగానే పెదవుల మీద వేలు పెట్టుకుంది. రెండో చేత్తో చిన్నవాడి తల కిందికి వంచి, వాణ్ణి లాక్కుని ఆవులకు మేత వేసే గాడి వెనక నక్కింది. తక్కినవాళ్లూ అలాగే నక్కారు. ఎవరూ చప్పుడు చేయలేదు.

అవ్వ వంగి ఆరు పండ్లూ గాడి అంచున పెట్టింది. ఒక్కరూ చేయి చాచలేదు. ఆరుగురూ విరూపాక్షి ముఖం వైపే చూస్తున్నారు.

"ఎంత చెప్పినా ఎక్కదంటివే," అన్నది అవ్వ. "నువ్వు చెప్పింది ఈ ఒక్కటే. ఎంత బాగా ఎక్కిందో చూడు."

సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. అడుగడుగుకీ సంచిలో గంట మోగుతూనే ఉంది.

సుంకమ్మ పెదవుల మీది వేలు తీయలేదు.